ఎమిలీ గీసిన ఏరు

సరోజమ్మ వెళ్ళిపోయిన తర్వాతే ఎమిలీ ఆ ఇంటికి తాళం కొన్నది. అంతకుముందు అవసరం పడలేదు.

కలకత్తా దగ్గరి రైల్వే ఊళ్ళో, ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే వాడలోని ఆ రెండు గదుల క్వార్టరు ఎమిలీ పేరు మీద ఉండేది. ఆమె రైల్వే డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసరు. ఇంజనీర్లు పెన్సిలుతో వేసిన పటం మీద పల్చటి ట్రేసింగ్ గుడ్డ పరిచి, అదే గీతను ఇంకుతో మళ్ళీ గీయడం ఆమె ఉద్యోగం. సరోజమ్మ రైల్వే ఆసుపత్రిలో నర్సు. ఎమిలీ తండ్రి, వర్క్‌షాపులో ఫిట్టరు, జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆయన్ని చూసుకున్నది ఆవిడే. ఆయన పోయాక ఒంటరిగా మిగిలిన ఎమిలీని చూడటానికి వచ్చింది. నర్సుల హాస్టలు కప్పు కారుతోందని, కొన్నాళ్ళుంటానని, ఒక ట్రంకు పెట్టె, ఒక కుట్టుమిషను పట్టుకుని వచ్చి ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఆ కొన్నాళ్ళు పదిహేనేళ్ళు దాటాయి. మొదట్లో వాడలో నలుగురూ నాలుగు మాటలు అనుకున్నారు. తర్వాత అనుకోవడానికి ఏమీ దొరక్క మానేశారు. చర్చిలో ఎవరింట పెళ్ళయినా ఇద్దరికీ కలిపి ఒకే శుభలేఖ వచ్చేది.

ఒకరు పగలు ఆఫీసుకు పోతే ఒకరు రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకుని ఉండేవారు. కాబట్టి ఆ తలుపుకు ఎప్పుడూ లోపలి గడియే తెలుసు.

సరోజమ్మ తొంభై అయిదులో రిటైరైంది. నర్సాపురం నుంచి తమ్ముడు సుందర్ రాజు వచ్చాడు. అతని భార్యకు పక్షవాతం వచ్చి కాలూ చెయ్యీ పడిపోయాయి. "మూడ్నెల్లే. మనిసిని నిలబెట్టేసి ఒచ్చేస్తానే," అని సరోజమ్మ ఒక చేతిసంచితో రైలెక్కింది. ట్రంకు పెట్టె, కుట్టుమిషను ఇక్కడే ఉంచింది. మూడు నెలలు ఆరయ్యాయి, ఆరు ఏడాదయింది. అన్నాళ్ళూ పక్కింటివాళ్ళను కనిపెట్టమని తలుపు దగ్గరగా వేసి పోయిన ఎమిలీ, గోల్ బజారుకు పోయి ఇత్తడి తాళం ఒకటి కొనుక్కుంది. సాయంత్రం ఇంటికి రాగానే ఆ తాళం తీసేటప్పుడు లోపలి నుంచి ఏ చప్పుడూ రాకపోవడం ఆమెకు ఎంతకీ అలవాటు కాలేదు.

ఆఫీసులోనూ రోజులు మారాయి. డ్రాయింగు బల్లలు ఒక్కొక్కటే తీసేసి కంప్యూటర్లు పెట్టారు. ట్రేసర్లందరూ ఇక వాటి మీదే నేర్చుకోవాలన్నారు. కానీ ఉన్నవి రెండే, వాటి ముందు ఎప్పుడూ కుర్రవాళ్ళే ఉండేవారు. అందుకని ఎమిలీ ఝపటాపూర్‌లో ఆర్థర్ నడిపే కంప్యూటర్ సెంటర్‌లో చేరింది. ఆర్థర్ తండ్రి, ఎమిలీ తండ్రి ఒకే వర్క్‌షాపులో పనిచేసినవాళ్ళు. ముందు గదిలో ఎస్‌టీడీ బూతు, జిరాక్సు మిషను, వెనక గదిలో అయిదారు కంప్యూటర్లు. ఆఫీసు అవగానే ఎమిలీ తిన్నగా అక్కడికి పోయేది. నేర్చుకోవడం సగం కారణం. ఆ తాళం తీయడాన్ని రెండు గంటలు వెనక్కి నెట్టొచ్చు, అది మిగతా సగం.

ఒకరోజు ఆర్థర్ ఆమె వెనక నిలబడి చాలాసేపు చూశాడు. తక్కినవాళ్ళు మౌస్‌తో గీస్తే గీత కోడి గీకినట్టు వచ్చేది. ఎమిలీ చెయ్యి వణకదు. ఎంత పొడుగు వంపయినా ఒక్క ఊపిరిలో లాగేది.

"ఆంటీ, కలకత్తాలో నాకు తెలిసినాయన ఒకడున్నాడండి. హిమాంశు దత్తా. కంప్యూటర్ ఆట తయారు సేస్తన్నారు వాళ్ళు. లేని దేశం ఒకటి గియ్యాలంట. గీస్తారా?"

"లేని దేశానికి మ్యాపేటి బాబూ?"

"ఆటలో ఉంటాదండి. రాజులూ రాక్షసులూ కొట్టుకోడానికి నేలుండాలి కదా!"

ఎమిలీ నవ్వింది. నవ్వి చాలా రోజులైందని ఆమెకు అప్పుడే తట్టింది.

ఉత్తరాన కొండలు, మిగతా మూడు వైపులా సముద్రం, ఒక ఎడారి, రెండు అడవులు, ఏరు సముద్రంలో కలిసేచోట రాజధాని. వాళ్ళు చెప్పింది ఇంతే. తక్కినదంతా ఆమె ఇష్టం. మొదటి సాయంత్రం తెల్లటి తెర ముందు కూర్చుని ఎమిలీ మౌస్ కదపలేకపోయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె గీసిన ప్రతి గీత కిందా ఎవరో ఒకరు ముందే గీసిన గీత ఉండేది. ఇక్కడ కింద ఏమీ లేదు.

అయినా గీసింది. కొండలకు గోధుమరంగు, అడవులకు ఆకుపచ్చ, ఏర్లకు నీలం. చీరకు అంచు కుట్టినంత శ్రద్ధగా ఏర్లను దేశమంతా సమంగా పరిచింది. ఒక ఏరు పడమటి సముద్రం నుంచి తూర్పు సముద్రం దాకా అడ్డంగా పోయింది. ఇంకొకటి కొండ దగ్గర రెండుగా చీలి, కొండకు చెరోపక్క నుంచీ చుట్టి, మళ్ళీ కలిసింది. చూడటానికి ముచ్చటగానే ఉంది. ఆర్థర్ శనివారాలు సామాన్లకు కలకత్తా పోతాడు. ఫ్లాపీ అతని చేతికిచ్చి పంపింది.

సోమవారం సాయంత్రం బూతులో ఫోను మోగింది. అవతల హిమాంశు. చిన్న వయసు గొంతు, మధ్యమధ్య దగ్గు. సగం హిందీలో, సగం బెంగాలీలో మాట్లాడాడు.

"దీదీ, మీ చెయ్యి అద్భుతం. కానీ ఈ దేశంలో నీళ్ళు లేవు."

"నీలం రంగు వేశాను కదా?"

"రంగు వేశారు, నీళ్ళు పోయలేదు. ఒకసారి మిమ్మల్ని మీరు వానచినుకు అనుకోండి దీదీ. ఆ కొండ మీద పడ్డారు. ఎటు పోతారు?"

"కిందికి."

"మీ ఏరు ఒకచోట కొండెక్కుతోంది చూసుకోండి. సముద్రం నుంచి సముద్రానికి ఏ నీరు పోతుంది? ఏర్లు ఒకదాన్నొకటి వెతుక్కుని కలుస్తాయి దీదీ. సముద్రం దగ్గరపడి నేల చదునయితే అప్పుడు చీలతాయేమో గానీ, కొండల్లో విడిపోవు. ఇప్పుడు ఇవి గోడకు బీటలు పడ్డట్టున్నాయి."

"ఆడుకునే పిల్లలకు ఇవన్నీ తెలుస్తాయా?"

"తెలీదు. కానీ నమ్మరు. ఎందుకు నమ్మలేదో వాళ్ళకూ తెలీదు."

ఎమిలీకి మనసు చివుక్కుమంది. ఇంత వయసొచ్చాక, చెయ్యి ఇంత తిరిగాక, కుర్రాడెవడో బీటలన్నాడు. కానీ మర్నాడు ఆఫీసులో, ఎవరూ చూడనప్పుడు, అరలో చుట్టిపెట్టిన పాత ట్రేసింగు ఒకటి తీసి విప్పింది. చక్రధర్‌పూర్ వైపు కొండల్లో లైను వేసినప్పటి పటం అది. అడుగున మూల ఆమె పొడి అక్షరాలే ఉన్నాయి. కొండ ఎత్తులు చూపే గీతలు ఒకదాని చుట్టూ ఒకటి ఉన్నాయి. ప్రతి గీతా ఒక్కోచోట లోపలికి ముడుచుకుని కొనదేలింది. ఆ కొనలన్నిటినీ వేలితో కలుపుతూ పైనుంచి కిందికి వచ్చింది. కిందికొచ్చేసరికి ఆమె వేలు సన్నటి వాగు మీద ఆగింది. ఆ ముడతలు నీటి దారులు! ఇన్ని వందల కొనలు ఇంకుతో దిద్దింది, అవి ఎందుకలా ముడుచుకున్నాయో ఎవరూ చెప్పలేదు. తనూ అడగలేదు.

ఆ ఆదివారం ఆరాధన అయిపోగానే మేదినీపూర్ బస్సెక్కి, కంసాయి ఏటి వంతెనకు ఇవతల దిగింది. సరోజమ్మతో ఏటా క్రిస్మస్ వెళ్ళిన వారంలో చర్చివాళ్ళందరితో కలిసి పిక్నిక్‌కు వచ్చిన చోటే అది. వచ్చిన ప్రతిసారీ ఏటికి వీపు పెట్టి, పొయ్యి వైపు తిరిగి కూర్చునేవాళ్ళు. ఏటిని చూసిందే లేదు.

వానలు వెనకపట్టాయి. నీరు ఎర్రగా, నిండుగా పోతోంది. వంపు తిరిగేచోట అవతలి గట్టును నీరు కోసుకుంటూ పోతోంది. అక్కడ ఒక తాటిచెట్టు వేళ్ళు గాల్లో వేలాడుతున్నాయి. ఇవతలి వైపేమో ఇసుక చంద్రవంకలాగా మేట వేసింది. గట్టు వెంట కొంతదూరం నడిచేసరికి వరిచేల మధ్య నుంచి ఒక చిన్న కాలువ వచ్చి ఏటిలో పడుతోంది. ఎదురుగా వచ్చి గుద్దుకోలేదు. ఏరు పోయే వైపే ఏటవాలుగా ఒరిగి కలిసింది. కలిశాక కూడా ఏటి ఎర్రనీరు, కాలువ నల్లనీరు పక్కపక్కనే చాలా దూరం విడివిడిగా పోయి, ఎక్కడో తెలియకుండా ఒకటైపోయాయి.

ఎమిలీ గొడుగు వేసుకుని అక్కడే నిలబడిపోయింది. ఇది ఎవరికైనా చెప్పాలనిపించింది. చుట్టూ ఎవరూ లేరు. అవతల ఒడ్డున ఒకాయన గేదెలు కడుగుతున్నాడు. బస్సులో తిరిగొస్తూ, సరోజమ్మకు చెప్తే ఎలా చెప్పాలో మనసులో మాటలు పేర్చుకుంది. ఇంటికొచ్చి తాళం తీసేసరికి ఆ మాటలన్నీ పూర్తిగా తయారై ఉన్నాయి.

పాత దేశాన్ని తుడిచేసి కొత్తగా మొదలుపెట్టింది. ముందు కొండల వెన్ను గీసింది. ఒక వైపు వెలుగు, ఒక వైపు నీడ. తర్వాత చినుకై పడింది. ఒక్కొక్క మడతలోంచి వెంట్రుకంత సన్నటి వాగు దిగింది, రెండు కలిసి దారమంత, నాలుగు కలిసి తాడంత అయ్యాయి. కొండల్లో నిటారుగా దూకిన ఏరు మైదానంలోకి రాగానే తొందర మానుకుని మెలికలు తిరిగింది. ప్రతి మెలికలో లోపలి వైపు ఇసుక, బయటి వైపు కోత. చెరువులోకి ఎన్ని వాగులైనా రానిచ్చింది, పోనిచ్చింది మాత్రం ఒక్కదాన్నే. మబ్బులు సముద్రం మీంచి వస్తాయి కాబట్టి కొండలకు ఇవతల అడవి, వాన అందని అవతలి వైపు ఎడారి. ఇవన్నీ ఒక్కొక్కటే సోమవారాల్లో హిమాంశు చెప్పినవి. చెప్పినదాన్ని ఆమె వారమంతా నెమరువేసేది.

మధ్యలో లోడ్‌షెడ్డింగ్. కరెంటు పోతే అప్పటిదాకా గీసింది మాయం. ఒకసారి సాయంత్రమంతా కష్టపడి గీసిన ఒక లోయ అలా పోయింది. ఆర్థర్ అయ్యో అయ్యో అన్నాడు. "పోనీ బాబూ, ఎక్కడ ఏటుందో నాకు గురుతుంది," అంది ఎమిలీ.

సోమవారం ఆమెకు పండగైంది. ఆ రోజు ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళేది, ఫోనులో కనపడదని తెలిసీ. హిమాంశు ఏర్ల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడేవాడు కాదు. ఒక్కసారి మాత్రం, దగ్గు తెర తగ్గాక, "దీదీ, మీ ఇంట్లో ఎవరెవరుంటారు?" అని అడిగాడు.

"ఇద్దరం," అంది ఎమిలీ.

అనేశాక నాలుక కరుచుకుంది. దిద్దుకోవాలనుకుంది గానీ, అతను అప్పటికే రాజధాని దగ్గర ఏరు ఎంత వెడల్పుండాలన్న మాటలో పడిపోయాడు.

తొంభై ఏడు డిసెంబరులో సరోజమ్మ వచ్చింది. పెన్షను కాగితాల్లో ఏదో సంతకం కావాలట. తోడొచ్చిన తమ్ముడు సుభాష్‌పల్లిలో చుట్టాలింట దిగాడు. ఆవిడ ఎమిలీ దగ్గరికొచ్చింది. ఎమిలీ ఆఫీసుకు సెలవు పెట్టి పార్శే చేపల పులుసు వండింది. సరోజమ్మ చిక్కిపోయింది. రోగిని ఎత్తీ దించీ భుజం ఒక పక్కకు ఒరిగింది. అయినా వచ్చీరాగానే చీర కుచ్చిళ్ళు దోపి గిన్నెలు తోమబోయింది.

"సుట్టంలాగ కూకో అక్కా," అని ఎమిలీ కసిరింది.

"నానేటి సుట్టమేటే!" అంది సరోజమ్మ. ఆ ఒక్క మాటకు ఎమిలీ కడుపు నిండిపోయింది.

మర్నాడు సాయంత్రం రిక్షాలో ఝపటాపూర్ తీసుకెళ్ళింది. ఆర్థర్ రెండో కుర్చీ వేశాడు. ఎమిలీ దేశం తెరిచింది. కొండల దగ్గర మొదలుపెట్టి కిందికి జరుపుకుంటూ చూపించింది. కంసాయి నుంచి వస్తూ పేర్చుకున్న మాటలన్నీ చెప్పాలనుకుంది గానీ, అసలు మనిషి పక్కన కూర్చునేసరికి మౌస్ జరుపుతూ పోవడమే అయింది.

"ఇదంతా నువ్వే సేసినావేటే?"

"నానే."

"ఏరు బాగుంది. నిజెం ఏరులాగ ఉంది." సరోజమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని ముందుకు వంగింది. "మరి మనుసులేరీ?"

"కంపినీవోలు పెడతారు. నా పని నేలా నీళ్ళే."

సరోజమ్మ కాసేపు చూసి, ఏరు బాగా వెడల్పయిన ఒకచోట తెర మీద వేలు పెట్టింది. "ఇటేపు నుంచి అటేపు ఎలగెల్తారు? ఇక్కడో రేవు పెట్టు. మా ఊల్లో గోదారి మీద ఉంటాది కదా, పంటు పడవ మీద సఖినేటిపల్లి ఎల్తాం. రేవు నేని ఏరేటే, బెదురుగా ఉంటాది."

ఎమిలీ అక్కడే, ఆవిడ వేలు తీయకముందే, ఇటు ఒడ్డున నాలుగు మెట్లు, అటు ఒడ్డున నాలుగు మెట్లు పెట్టింది. మధ్యలో చిన్న పడవ గీసింది. సరోజమ్మ చిన్నపిల్లలాగా చప్పట్లు కొట్టింది. ఆర్థర్ చిన్న మట్టి ముంతల్లో టీ తెప్పించాడు. సరోజమ్మ వెళ్ళిపోయాక ఎమిలీ సంతోషంగా ఉన్న సాయంత్రమంటే అదే.

తిరిగి వచ్చేటప్పుడు, రిక్షా క్వార్టర్ల మలుపు తిరిగాక సరోజమ్మ అంది:

"కుట్టుమిషను అట్టుకెల్లిపోతానే ఎమిలీ. తమ్ముడి కూతురు నేర్సుకుంటానంటాంది. ట్రంకూ పట్టుకెల్లిపోమన్నాడు తమ్ముడు. అక్కడే ఉండిపోతాను కదా మరి."

రిక్షా గతుకులో పడి లేచింది. ఎమిలీ రెండు చేతులతో ముందు కడ్డీ పట్టుకుంది.

"అట్టుకెల్లక్కా. నెలనెలా నూనేస్తనే ఉన్నాను. తుప్పట్టనేదు."

"నన్ను రమ్మనీ, ఉండమనీ అనవేటే?"

"అంటే ఉంటావా?"

సరోజమ్మ ఎమిలీ మోకాలి మీద చెయ్యి వేసి, ఇంటి ముందు రిక్షా ఆగేదాకా అలాగే ఉంచింది.

మిషనునూ ట్రంకునూ రైల్లో సామాన్లు వేసే బ్రేకు వ్యానులో బుక్ చేశారు. బండి కదిలేటప్పుడు సరోజమ్మ కిటికీలోంచి, "రాయే ఓసారి! పాసుంటాది కదా," అని అరిచింది. ఎమిలీ తలూపింది. ఇంటికొచ్చి చూస్తే గదిలో మిషను ఉండిన చోట గచ్చు మీద నాలుగు కాళ్ళ గుర్తులు తెల్లగా మిగిలాయి. తుడిస్తే పోలేదు.

సోమవారం హిమాంశు ఫోను చేశాడు. "దీదీ, ఈ రేవేమిటి? అక్కడ కథ ఏమీ లేదు. యుద్ధం లేదు, నిధి లేదు. ఎవరూ అటు రారు. పడవ నడపాలంటే మళ్ళీ దానికి వేరే పని."

ఎమిలీ ఇన్నాళ్ళూ అతను తీయమన్నది తీసింది, మార్చమన్నది మార్చింది.

"ఉండనీ బాబూ," అంది.

"ఎందుకు దీదీ?"

"ఏరు దాటాలనుకునేవాళ్ళు ఉంటారు."

అవతల ఎవరో తలుపు వేసిన చప్పుడు వినిపించింది. "చూస్తాను," అన్నాడు.

ఆ తర్వాత ఒక సోమవారం ఫోను రాలేదు. మళ్ళీ ఒకసారి వచ్చి, రెండు మాటలతో ఆగిపోయింది. వేసవి వచ్చేసరికి అసలు రావడమే మానేసింది. అయినా ఎమిలీ సోమవారాలు బూతు దగ్గరి కుర్చీలోనే కూర్చునేది. చివరికి ఆర్థరే కలకత్తాలో కనుక్కుని వచ్చి చెప్పాడు. పెట్టుబడి పెట్టినవాళ్ళు వాళ్ళలో వాళ్ళు తగువులాడుకుని గది ఖాళీ చేశారు. ఆటను ఇంకెవరికో అమ్మేశారు. హిమాంశు బెంగుళూరు పోయాడట, నంబరు ఎవరికీ తెలీదు. ఎమిలీ అతని ముఖం ఎప్పుడూ చూడలేదు. దగ్గు తగ్గిందో లేదో అనుకుంది.

మరుసటి వానాకాలంలో ఆర్థర్ కలకత్తా చాందినీ బజారు నుంచి ఒక సీడీ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఆంటీ! మీ దేశం!" పేరు మార్చారు. అట్ట మీద కత్తి పట్టిన వీరుడి బొమ్మ ఉంది. చేసినవాళ్ళ పేర్లు వచ్చే చోట ఎమిలీ పేరు లేదు, హిమాంశు పేరూ లేదు. ఆర్థర్‌కు కోపమొచ్చింది. ఎమిలీ ఆ పేర్లు పోయేదాకా కూడా ఆగలేదు.

"మన ఏటికాడికి ఎలగెల్లాలి బాబూ?"

"ఎల్లిపోడానికి అవదండి. ఆడుకుంటూ ఎల్లాలి. దారిలో అందర్నీ గెలవాలి."

యాభై దాటిన ఎమిలీ, జీవితంలో గవ్వలు కూడా ఆడని ఎమిలీ, ఆ రోజు నుంచి ఆట మొదలుపెట్టింది. రాజధాని గుమ్మం దాటగానే తోడేళ్ళు వచ్చి మీద పడ్డాయి. ఆమె సైనికుడు చచ్చిపోయాడు.

"కత్తి తియ్యండి ఆంటీ, కత్తి!"

"కుక్కల మీద కత్తేటి బాబూ?"

"కుక్కలు కాదండి, తోడేళ్ళు!"

ఎన్నిసార్లు చచ్చిపోయిందో లెక్కలేదు. ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళ నొప్పులు, కంటి మంటలు మర్చిపోయి, వేళ్ళతో మీటలు వెతుక్కుంటూ దొంగలతో, గబ్బిలాలతో, గద పట్టిన రాక్షసులతో పోరాడేది. సెంటర్‌కొచ్చే పిల్లలు నవ్వుకునేవారు. వారాలు గడిచాయి. కానీ రాజధాని దాటి మైదానంలోకి వచ్చాక కాళ్ళ కింద నేల ఆమెకు తెలిసినదైపోయింది. రాక్షసులు కొత్తవాళ్ళే గానీ లోయలు తనవి. ఈ మలుపు దాటితే ఇసుక మేట ఉంటుంది, ఆ కొండ వెనక వాగు దిగుతుంది అనుకుంటూ పోయేది. ఉండేవి. లోడ్‌షెడ్డింగ్‌లో ఒకసారి పోయి మళ్ళీ గీసిన లోయ దగ్గర కాసేపు ఆగింది కూడా. అంతలో ఒక రాక్షసుడు వచ్చి పొడిచాడు.

ఇంకా కాస్త దూరం ఉందనగా ఆర్థర్ అన్నాడు: "ఆ ఏటికాడ పడవుందండి. నాను నిన్న ఆడుతూ ఎక్కి సూసినాను. అటేపు ఎల్లి లాభం నేదు. ఏటీ నేదు. రాక్షసుడూ నేడు, నిధీ నేదు. ఊరికే టైం వేస్టు."

ఎమిలీ చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. "పడవుందా?"

"ఉందండి. కదుల్తాది కూడా."

మర్నాడు ఆమె రేవు చేరింది. నాలుగు మెట్లు, తను పెట్టినవే. సైనికుడు మెట్లు దిగి పడవలో అడుగు పెట్టాడు. పడవవాడు ఏమీ అడగలేదు. ఏరు ఎటు పోతోందో అటు కొంచెం ఒరుగుతూ, నిదానంగా, గడవేసిన చప్పుడుతో పడవ నీటి మీద సాగింది. ఒరగడం, చప్పుడు ఆమె గీసినవి కావు. గది ఖాళీ చేస్తూ, తగువుల మధ్య, ఎవరూ రాని చోటు కోసం కూర్చుని హిమాంశు చేసినవి. సైనికుడు అవతలి మెట్లెక్కాడు. గడ్డి ఉంది. నేల మెల్లగా పైకి పోయింది. ఎవరూ మీద పడలేదు. కత్తి తియ్యక్కర్లేని చోటు ఆ దేశం మొత్తం మీద అదొక్కటే.

ఎమిలీ అతన్ని చాలాసేపు అక్కడే నిలబెట్టి ఉంచింది. తర్వాత లేచి ముందుగదిలోకి పోయి, నర్సాపురంలో సరోజమ్మ ఇంటిపక్క మందులషాపు నంబరు తిప్పమని ఆర్థర్‌కు చెప్పింది. షాపువాడు పిలుచుకొచ్చేదాకా ఆగింది. సరోజమ్మ రొప్పుతూ వచ్చింది.

"ఎవులు? ఎమిలీయా? ఏటైందే?"

"ఏటీ అవనేదక్కా. రేవుంది. పడవెక్కి అటేపు ఎల్లొచ్చినాను."

"ఏ రేవే? పంటెక్కినావా? నర్సాపురం ఎప్పుడొచ్చినావే, సెప్పకుండా!"

"ఇక్కడక్కా. కంప్యూటర్లో. నువ్వు ఏలెట్టి సూపించినావు, రేవెట్టమని."

"నానా? ఏమోనే, గురుతు నేదు," అంది సరోజమ్మ. "బుర్ర పనిసెయ్యట్నేదు ఈ మజ్జిన. రాత్రంతా మా మరదలు మూలుగుతానే ఉంటాది. ఉండు... అదిగో పిలుస్తాంది. నువ్వు మందులేసుకుంటన్నావా? బీపీకి?"

"ఏసుకుంటన్నాను."

"సరే మరి. ఉంటానే."

ఎమిలీ ఫోను పెట్టేసింది. ఆర్థర్ వినలేదన్నట్టు జిరాక్సు కాగితాలు సర్దుతున్నాడు. ఆమె వెనక గదిలోకి పోయి, ఆటను ఆపి, సీడీ తీసి అతనికిచ్చేసింది. మళ్ళీ అడగలేదు.

వారం పది రోజులు సెంటర్‌కు రాలేదు. తర్వాత ఒక సాయంత్రం ఎప్పటిలాగే వచ్చి, మూలనున్న పాత కంప్యూటర్ ముందు కూర్చుని తెల్ల తెర ఒకటి తెరిచింది. ఈసారి ఎవరూ చెప్పలేదు. సముద్రం ఎటుండాలో ఆమె ఇష్టం. ముందు కొండలు గీసింది. రోజూ కొంచెం కొంచెంగా వాగులు దింపుతూ వచ్చింది. ఎవరికండీ ఇది అని ఆర్థర్ మొదట్లో అడిగాడు, తర్వాత మానేశాడు. ఆ కంప్యూటర్‌ను వేరేవాళ్ళకు ఇవ్వడం కూడా మానేశాడు.

దసరా పూజల సెలవులకు ముందు ఒకరోజు దీపాలు పెట్టే వేళకు కరెంటు పోయింది. పిల్లలు కేకలేసుకుంటూ సైకిళ్ళెక్కి ఇళ్ళకు పోయారు. ఆర్థర్ కొవ్వొత్తి వెలిగించి వెనక గదిలోకి వచ్చి చూస్తే ఎమిలీ నల్లటి తెర ముందు, చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది.

"సేవ్ సేసినారా ఆంటీ?"

"సేసినాను."

"ఈయాల వొచ్చేలాగ నేదండి. ఇంటికెల్లిపోండి. నాను రిక్షా పిలుస్తాను."

"ఉంటాను బాబూ," అంది ఎమిలీ. "ఏరు సగంలో ఉంది."